మ్యూజిక్ ఎడిటర్‌గా మొదలుపెట్టి సంగీత దర్శకుణ్ణి కాగలనా?

అమలాపురంలో డిగ్రీ చదువుతూ కీబోర్డు వాయిస్తున్నానన్నారు. కాగలరు. కానీ ఆ పనేమిటో ముందు తెలియాలి.

దర్శకుడు సీన్ కుదించినప్పుడల్లా, దానికి కట్టిన నేపథ్య సంగీతాన్ని తెగినట్టు తెలియకుండా మళ్లీ అతకడమే మ్యూజిక్ ఎడిటర్ పని. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 120 బీట్ల టెంపోలో (వేగంలో) ఒక్కో బీట్‌కు 12 ఫ్రేములు, అంటే అర సెకను. నాలుగు బీట్ల తాళంలో 4 సెకన్లు తీసేస్తే సరిగ్గా రెండు ఆవర్తాలు (తాళం పూర్తి చుట్లు) పోతాయి, అతుకు కుదురుతుంది. 3 సెకన్లయితే ఒకటిన్నర ఆవర్తం పోయి తాళం తప్పుతుంది. అక్కడే అసలు టెన్షన్! సంగీతం ఎక్కడ ఆగాలో నాకు నేర్పింది ఈ అతుకులే.

మనవైపు కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారు కూడా సంగీత దర్శకుడు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా పనిచేశాకే 1990లో ‘మనసు మమత’తో సంగీత దర్శకుడయ్యారు.

హైదరాబాద్ వెళ్లేలోపు ఒక పని చేయండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (గోదావరి దాటించే పడవ) మీద దాటుతూ రెండు నిమిషాల వీడియో తీయండి. దానికి సంగీతం కట్టండి. తర్వాత వీడియో మధ్యలో ఏడు సెకన్లు తీసేసి, పాట తెగినట్టు వినపడకుండా అతకండి. అవకాశం అడిగేటప్పుడు ఆ రెండు వీడియోలూ చూపించండి.