శనివారం రాత్రి సర్వర్ ముందు కూర్చునే ముందు చదువు

చిన్నీ,

మీ ఆఫీసు స్టోరేజ్ సర్వర్‌ను శనివారం రాత్రి నువ్వే అప్‌డేట్ చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. అంతమంది పని ఉన్న పెట్టెను నమ్మి నీ చేతికిచ్చారని వినగానే చాలా గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. పెదనాన్నది చాదస్తం అనుకున్నా సరే, ఇది చివరిదాకా చదువు తల్లీ.

అప్‌డేట్ వద్దని నేననను. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే రాన్సమ్‌వేర్, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ స్టోరేజ్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్లను పాస్‌వర్డ్ ఉన్న 7-జిప్ ఫైళ్లుగా మార్చేసి డబ్బు అడిగింది. మరుసటి ఏడాదే డెడ్‌బోల్ట్ వచ్చింది. ‘బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కదపడం’ అనేవాళ్లకు ఈ రెండు పేర్లు చెప్పు. అలాగని కొత్త వెర్షన్ రాగానే ఎక్కించేయడమూ మంచిది కాదు. మీ సర్వర్‌ను నడిపే ట్రూనాస్‌కు పాత పేరు ఫ్రీనాస్. అందులో కోరల్ అనే వెర్షన్ 2017 మార్చిలో విడుదలైంది, ఏప్రిల్‌లోనే వెనక్కి తీసుకున్నారు. నమ్మి మారినవాళ్లంతా మళ్లీ పాతదానికి తిరిగి రావాల్సి వచ్చింది. నువ్వు ట్రూనాస్ 24.04 నుంచి 24.10కి వెళ్తున్నావు కాబట్టి ఆ బెంగ లేదు. 24.10లో అన్నిటికన్నా చివర వచ్చిన సవరణ వెర్షన్ తీసుకో, చాలు. రిలీజ్ నోట్స్ మాత్రం మొత్తం చదువు. ఇందులో యాప్‌లను నడిపే వ్యవస్థ కుబర్నెటిస్ నుంచి డాకర్‌కు మారింది, మీవాళ్లు ఏయే యాప్‌లు వాడుతున్నారో ముందే చూసుకో.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. స్క్రబ్, అంటే డేటా మొత్తాన్ని చదివి సరిచూసే పని, ఎప్పుడు జరిగిందో, అందులో ఎర్రర్లేమైనా వచ్చాయో చూడు. ఏ డిస్కయినా రీసిల్వర్ అవుతుంటే, అంటే దానిలోకి డేటా తిరిగి నింపుతుంటే, ఆ రాత్రికి పని మానెయ్యి. యూపీఎస్ బ్యాటరీ బాగుండాలి. రెయిడ్ ఉంది, ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది కదా అని బ్యాకప్ మర్చిపోవద్దు. బ్యాకప్ ఉందని ఎవరో చెబితే నమ్మకు, అందులోంచి ఒక ఫోల్డర్‌ను వేరేచోటికి రీస్టోర్ చేసి, ఫైళ్లు తెరిచి చూడు.

సర్వర్ సెట్టింగ్‌లన్నీ ఉండే కాన్ఫిగ్ ఫైలు డౌన్‌లోడ్ చేసేటప్పుడు సీక్రెట్ సీడ్ కూడా చేర్చాలా అని ఒక చిన్న బాక్స్ ఉంటుంది. దానికి టిక్ పెట్టు. అది లేకపోతే, రేపు బూట్ డిస్కు చెడిపోయి కొత్తదాంట్లో ఆ కాన్ఫిగ్ ఎక్కించినప్పుడు లోపల దాచిన పాస్‌వర్డ్‌లు పనికిరావు. డేటాసెట్లకు, అంటే డేటాను విడదీసి పెట్టిన భాగాలకు, ఎన్‌క్రిప్షన్ ఉంటే కీలు విడిగా ఎక్స్‌పోర్ట్ చెయ్యి. వీటిలో ఏదీ ఆ సర్వర్‌లోనే పెట్టుకోకు. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టవుతుంది.

ఇక నా అసలు భయం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక సీనియర్ దగ్గర పని నేర్చుకున్నాను. చాలా పద్ధతి గల మనిషి. ప్రతి కేబుల్‌కూ తన చేత్తోనే లేబుల్ రాసేవాడు. ఒక రాత్రి ఆయన స్టోరేజ్ సర్వర్ అప్‌డేట్ చేశాడు, ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. తెల్లారి స్క్రీన్ మీద ఒక అలర్ట్: పూల్‌కు, అంటే డిస్కులన్నీ కలిపి చేసిన నిల్వకు, కొత్త ఫీచర్లు ఉన్నాయి, అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు అని. స్క్రీన్ మీద పసుపు రంగు గుర్తు కనబడితే ఆయనకు ఊరుకోబుద్ధయ్యేది కాదు. నొక్కేశాడు. అలర్ట్ పోయింది.

కొన్నాళ్లకు నెట్‌వర్క్ కార్డు మొరాయించడం మొదలుపెట్టింది. కొత్త వెర్షన్‌లోని డ్రైవర్‌తో దానికి పడలేదు. పాత వెర్షన్‌కు వెళ్దాం అన్నాడు. సిస్టమ్ అప్‌డేట్ అయినప్పుడు పాతది చెరిగిపోదు, వేరే బూట్ ఎన్విరాన్‌మెంట్‌గా ఉండిపోతుంది కదా, రాత్రి అందరూ వెళ్లాక దాన్ని ఎంచుకుని రీబూట్ చేశాడు. పాత సిస్టమ్ చక్కగా లేచింది. యూజర్ల పేర్లు, షేర్ల పేర్లు అన్నీ ఉన్నాయి. పూల్ మాత్రం రాలేదు. దిగుమతి చెయ్యబోతే, ఈ పూల్ వాడుతున్న ఫీచర్లు ఈ సిస్టమ్‌కు తెలియవు అని మెసేజ్.

అక్కడ ఆగి ఆ మెసేజ్‌ను నెమ్మదిగా చదివి ఉంటే సరిపోయేది చిన్నీ. డేటా ఎక్కడికీ పోలేదు. మళ్లీ కొత్త వెర్షన్‌లో బూట్ చేస్తే పూల్ అంతా అలాగే కనిపించేది, కార్డు మార్చుకుంటే పని అయిపోయేది. కానీ అర్ధరాత్రి దాటింది, పక్కన మనిషి లేడు, తెల్లారితే అందరూ వస్తారు. పూల్ పాడైపోయిందనే అనుకున్నాడు. అవే డిస్కులతో కొత్త పూల్ చేసి, బ్యాకప్ ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ బ్యాకప్ వారం కిందటిది.

పొద్దున నేను వెళ్లేసరికి ఆయన ఒక్కొక్కరి టేబుల్ దగ్గరికీ వెళ్లి, ‘మీ వారం పని పోయింది, తప్పు నాదే’ అని చెబుతున్నాడు. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. ఆయన చేతిలో పేర్ల కాగితం, ఒక్కో పేరు దగ్గరా టిక్ పెట్టుకుంటూ పోతున్నాడు. మా అందరిలోకీ జాగ్రత్త ఉన్న మనిషి ఆయనే. అందుకే ఇప్పటికీ నాకు ఆ భయం.

నువ్వు ఈ అప్‌డేట్ చేసేదే రెయిడ్‌జెడ్ అనే డిస్కుల గుంపులో ఇంకో డిస్కు చేర్చడానికని మీ నాన్న అన్నాడు. 24.10లో ఆ సౌకర్యం వచ్చింది, నిజమే. కానీ అందుకు పూల్ అప్‌గ్రేడ్ కావాలి. డిస్కు చేర్చడం మొదలైందంటే ఆ ఫీచర్ తెలియని 24.04 ఇక ఆ పూల్‌ను తెరవలేదు. నీ వెనక్కి దారి మూసుకుపోతుంది. అందుకని రెండు పనులూ ఒకే రాత్రి పెట్టుకోకు. అప్‌డేట్ చెయ్యి. పూల్ అలర్ట్ వస్తుంది, రానీ. నెలాఖరు పనులు, రాత్రి బ్యాకప్‌లు, ఒక పూర్తి స్క్రబ్, ఇవన్నీ కొత్త వెర్షన్ మీద సాఫీగా జరిగాక అప్పుడు డిస్కు సంగతి చూడు. ఎవరైనా స్థలం సరిపోవడం లేదని తొందరపెడితే, పెదనాన్న వద్దన్నాడని చెప్పు.

రాత్రి ఒక్కదానివే కూర్చుంటావట, అది విని కోపం వచ్చింది. ఇంకొకరిని తోడు పెట్టుకో. వాళ్లకు ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు. నువ్వు నొక్కబోయేదేమిటో వాళ్లకు పైకి చెప్పి, తర్వాత నొక్కు. సర్వర్‌కు మానిటర్, కీబోర్డు తగిలించి ఉంచు. నెట్‌వర్క్ రాకపోతే బ్రౌజర్‌లో ఏమీ కనిపించదు, తెర మీద చూడాల్సిందే. రీబూట్ ఆలస్యమైతే కంగారుపడి పవర్ నొక్కకు.

లేచాక డ్యాష్‌బోర్డు పచ్చగా ఉందని సరిపెట్టుకోకు. వేరే కంప్యూటర్ నుంచి మామూలు యూజర్‌గా లాగిన్ అయ్యి ఒక ఫైలు తెరువు, మార్చి సేవ్ చెయ్యి. చూడకూడని ఫోల్డర్ ఆ యూజర్‌కు తెరుచుకోకూడదు, అదీ చూడు. స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఉన్న స్థితిని దాచడం), రెప్లికేషన్ (దాన్ని వేరేచోటికి కాపీ చెయ్యడం) టాస్కులు ఒక్కోటి చేత్తో నడిపించు. అలర్ట్ మెయిల్ ఒకటి నీకే పంపించి చూసుకో.

శుక్రవారం సాయంత్రంలోగా కాన్ఫిగ్, కీలు, బ్యాకప్ మూడూ ఎక్కడ పెట్టావో నాకు మెసేజ్ చెయ్యి. పాస్‌వర్డ్‌లు వద్దు, ఎక్కడున్నాయో చెబితే చాలు. శనివారం నేను మెలకువగానే ఉంటాను. పూల్ కనిపించకపోతే ఏమీ ముట్టుకోకుండా తెరను ఫొటో తీసి పంపు, ఎంత రాత్రయినా సరే.

మీ పెదనాన్న