లైట్‌హౌస్ స్కోరు 100, అయినా ఫారం నింపలేకపోతున్నారు, గూగుల్లో సైట్ రావట్లేదు. యాక్సెసిబిలిటీ విడ్జెట్ కొంటే సరిపోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: సైట్‌ని పరీక్షించే గూగుల్ టూల్ లైట్‌హౌస్‌లో యాక్సెసిబిలిటీకి (వైకల్యం ఉన్నవాళ్లు కూడా సైట్ వాడగలగడానికి) 100 వచ్చింది, అయినా చూపు లేని ఒకాయన ఫారం నింపలేకపోతున్నానని మెయిల్ పెట్టారు, ఇంకోపక్క గూగుల్లో వెతికితే సైటే కనబడట్లేదు, ఈలోగా ఒక లైన్ స్క్రిప్ట్ అతికిస్తే అన్నీ సర్దుకుంటాయని ఎవరో విడ్జెట్ అమ్మజూపుతున్నారు, కొనాలా వద్దా అని. కొనకండి. ఎందుకో తర్వాత చెప్తా, ముందు నాకు జరిగింది వినండి, ఎందుకంటే ఇదే 100 పట్టుకుని నేనూ కొన్నాళ్లు కాలర్ ఎగరేశాను.

కొన్నేళ్ల కిందట ఒక సంస్థకి ట్రైనింగ్ క్లాసుల రిజిస్ట్రేషన్ సైట్ చేసిచ్చాం. చూడ్డానికి నీట్‌గా ఉండేది, స్కోరూ ఉంది, బిల్లూ పాసైంది. రెండు వారాలకి స్క్రీన్ రీడర్ (తెరమీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే ఒకాయన దగ్గర్నుంచి మెయిల్, రెండే రెండు ముక్కలు: ఫారం చివరిదాకా వచ్చాను, పంపే బటన్ ఎక్కడుందో చెప్తారా అని. నిజం చెప్పాలంటే నాకు నవ్వొచ్చింది, అంత పెద్ద నీలం బటన్ కళ్లముందే ఉంటే ఎక్కడుందంటారేంటి అనుకున్నా. సరే కాల్ చేసి, మీ స్క్రీన్ షేర్ చేసి సౌండ్ కూడా పెట్టండి అన్నా.

ఆయన వాడేది ఎన్‌వీడీఏ, విండోస్‌లో ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్. అది మాట్లాడే స్పీడుకి మొదటి ఐదు నిమిషాలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నాకోసం స్పీడు తగ్గించారు పాపం. ముందు హెచ్ కీ నొక్కారు, అది పేజీలో తర్వాతి హెడింగ్‌కి దూకుతుంది. హెడింగ్ లేదంది. మళ్లీ నొక్కారు, లేదంది. నేనేమో పేజీ నిండా హెడింగులే కదా అంటున్నా, తీరా చూస్తే అవన్నీ డివ్‌లు, అంటే కోడ్‌లో ఏ అర్థమూ లేని ఉత్త డబ్బాలు, ఫాంట్ పెద్దది చేసి బోల్డ్ కొట్టాం అంతే, కంటికి హెడింగు, కోడ్‌లో మామూలు టెక్స్టు. తర్వాత ఇన్సర్ట్ ఎఫ్7 నొక్కి లింకుల లిస్టు తెరిచారు. ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి... పదకొండు సార్లు. ఆయన ఏమీ అనలేదు, నాకే తల దించుకోవాలనిపించింది.

ఫారంలో ట్యాబ్ కొట్టుకుంటూ బాగానే వెళ్లారు. చివరి ఫీల్డ్ తర్వాత ట్యాబ్ కొడితే మన నీలం బటన్‌ని దాటేసి నేరుగా ఫుటర్‌లోకి పోయింది. ఎందుకంటే అది బటన్ కాదు, డివ్‌కి క్లిక్ ఈవెంట్ తగిలించి రంగేశాం. మౌస్ ఉన్నవాడికి అది బటన్, కీబోర్డ్ వాడేవాడికి అసలు లేనే లేదు. ఇది చూపు లేనివాళ్ల గొడవే కాదు, చెయ్యి వణికేవాళ్లు, మౌస్ పట్టుకోలేనివాళ్లు, ఆఖరికి టచ్‌ప్యాడ్ పాడైన మామూలు మనిషి కూడా అక్కడే ఆగిపోతాడు. అసలైన బటన్ ట్యాగ్ వాడితే ఫోకస్, ఎంటర్, స్పేస్, ఇది బటన్ అని పలకడం అన్నీ బ్రౌజరే ఫ్రీగా ఇస్తుంది. డివ్‌తో అదంతా రావాలంటే ఇది బటన్ అని చెప్పే రోల్ పెట్టాలి, ట్యాబ్ అక్కడ ఆగేలా ట్యాబ్‌ఇండెక్స్ పెట్టాలి, కీ ఈవెంట్లు రాయాలి, అంత కష్టపడి చివరికి తయారుచేసేది ఏంటంటే ఒక బటన్.

మరి లైట్‌హౌస్ 100 ఎలా ఇచ్చింది అంటారా? మెషీన్ చూడగలిగింది మాత్రమే అది చూస్తుంది. ఇమేజ్‌కి ఆల్ట్ (బొమ్మకి బదులు చదివి వినిపించే వివరణ) ఉందా లేదా చెప్తుంది, అందులో రాసింది పనికొచ్చేదా కాదా చెప్పలేదు. డివ్‌ని బటన్‌లా వాడుతున్నారని దానికి తెలీదు. తప్పు నింపిన ఫీల్డ్ చుట్టూ ఎర్ర గీత గీసి ఊరుకున్నామని, ఏం తప్పో మాటల్లో ఎక్కడా రాయలేదని తెలీదు. రిపోర్టు కింద మనుషులే చెక్ చేసుకోవాల్సినవి అని ఒక లిస్టు ఉంటుంది, దాన్ని నేను ఒక్కసారి కూడా తెరవలేదు.

ఇక గూగుల్ సంగతి. మాదీ కనబడలేదు. మా టీమ్‌లో ఒకబ్బాయి పేజీ కోడ్‌లో కనబడకుండా ఉండే మెటా కీవర్డ్స్‌లో ఓ నలభై పదాలు కూరాడు, ర్యాంకింగ్‌కి అవి అసలు చూడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది, ఇప్పటికీ కూరుతూనే ఉంటారు ఎందుకో. అసలు కారణం ఏంటంటే టెస్టింగ్ అప్పుడు పెట్టిన నోఇండెక్స్ ట్యాగ్ (ఈ పేజీని సెర్చ్‌లో చూపించొద్దని చెప్పేది) తియ్యకుండానే లైవ్‌కి పంపేశాం. లైట్‌హౌస్‌లోనే ఎస్ఈవో (సెర్చ్‌లో కనబడే సంగతి చూసేది) బాక్స్‌కి టిక్ పెట్టి ఉంటే మొదటి రోజే చెప్పేది, మేం యాక్సెసిబిలిటీ ఒక్కటే టిక్ పెట్టి రన్ చేసేవాళ్లం. మీరు ముందు సెర్చ్ కన్సోల్‌లోకి (మీ సైట్ గూగుల్‌కి ఎలా కనబడుతోందో చూపే గూగుల్ టూల్) వెళ్లి యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో హోమ్‌పేజీ అడ్రస్ వెయ్యండి, ఇండెక్స్ అయిందా (గూగుల్ జాబితాలో చేరిందా), కాకపోతే ఎందుకు కాలేదు అక్కడే తెలుస్తుంది. గూగుల్ ఏ పేజీలు చదవొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్ కూడా చూడండి, అందులో మొత్తం సైట్‌ని డిజలౌ చేసి (రావద్దని రాసి) ఉంటే గూగుల్ పేజీ లోపలికే రాదు, రాకపోతే మీరు నోఇండెక్స్ తీశారో ఉంచారో కూడా దానికి తెలీదు. ఈ రెండూ కలిసి ఉన్నప్పుడు జనం ఒకటి తీసి రెండోది మర్చిపోయి వారాల తరబడి తల పట్టుకుంటారు.

నోఇండెక్స్ తీశాక సైట్ వచ్చింది కానీ రిజల్ట్స్‌లో పేజీలన్నీ ఒకే పేరుతో వచ్చాయి, ప్రతి పేజీ టైటిల్‌లోనూ సంస్థ పేరొక్కటే పెట్టాం కాబట్టి. అప్పుడు వెలిగింది నాకు. పేజీ తెరవగానే ఆయన స్క్రీన్ రీడర్ మొదట చదివేది ఆ టైటిలే, అది వినే సరైన పేజీకి వచ్చానా లేదా తేల్చుకుంటారు. గూగుల్లో జనం చూసి నొక్కాలా వద్దా అనుకునేదీ మామూలుగా అదే. హెడింగులూ అంతే, లింకు మీద రాసే మాటలూ అంతే. ఇక్కడ క్లిక్ చేయండి బదులు జనవరి క్లాసుల టైమ్‌టేబుల్ అని రాస్తే లింకుల లిస్టు వినేవాళ్లకీ అర్థమవుతుంది, ఆ పేజీ దేని గురించో సెర్చ్ ఇంజిన్‌కీ తెలుస్తుంది. యాక్సెసిబిలిటీ, గూగుల్ రెండు పనులనుకుని ఇద్దరం పంచుకున్నాం, చూస్తే చాలామటుకు ఒకటే పని. అలాగని యాక్సెసిబిలిటీ బాగుచేస్తే ర్యాంకు పెరుగుతుందని నేను మాటివ్వను. ఒక్కోచోట రెండూ కొట్టుకుంటాయి కూడా, మావాడు ఫొటోల ఆల్ట్‌లో కీవర్డ్స్ దట్టించాడు, ఆయనేమో ప్రతి ఫొటో దగ్గరా ఆ రిజిస్ట్రేషన్ ట్రైనింగ్ కోర్సెస్ దండకం మొత్తం వినాల్సొచ్చింది. ఫొటోలో ఉన్నది ఒక వాక్యంలో రాయండి చాలు. ఊరికే అలంకారానికి పెట్టిన బొమ్మైతే ఆల్ట్ ఖాళీగా వదిలెయ్యండి, ఖాళీగా అంటే ఆట్రిబ్యూట్ ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు, పూర్తిగా తీసేస్తే కొన్నిసార్లు ఫైల్ పేరు చదివేస్తుంది.

విడ్జెట్ ఎందుకొద్దన్నానంటే, మీ డివ్ అసలు బటన్ అని, ఆ ఫొటోలో ఉన్నది ఫలానా అని దానికి నమ్మకంగా తెలిసే దారి లేదు. అక్షరాలు పెద్దవి చేసే బటన్ అంటారా, కంట్రోల్ ప్లస్ నొక్కితే బ్రౌజరే చేస్తుంది. చదివి వినిపిస్తుందంటారా, ఆయన దగ్గర ఆల్రెడీ ఒక స్క్రీన్ రీడర్ ఉంది, దానిమీద ఇంకో గొంతు ఎందుకు. 2025లో అమెరికాలో వినియోగదారుల్ని కాపాడే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఇలాంటి టూల్ అమ్మే ఒక కంపెనీ చేత 10 లక్షల డాలర్లు కట్టించింది, ఏ సైట్‌నైనా డబ్ల్యూసీఏజీ అనే యాక్సెసిబిలిటీ ప్రమాణాలకి తగ్గట్టు మార్చేస్తుందని ప్రచారం చేసుకున్నందుకు.

మీరు ఈరోజే చేయగలిగింది: మౌస్ తీసి పక్కన పెట్టి ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎంటర్, స్పేస్‌తోనే మీ ఫారం నింపి పంపండి. ఎక్కడున్నారో కనిపించకపోతే ఎవరో సీఎస్ఎస్‌లో (పేజీ రూపం చెప్పే కోడ్‌లో) అవుట్‌లైన్, అంటే మీరున్న చోటు చుట్టూ వచ్చే గీత, తీసేసినట్టే, నేనూ తీసేవాణ్ణి, డిజైన్ పాడవుతోందని. తర్వాత ఎన్‌వీడీఏ వేసుకుని, ఫోనులో ఐతే టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్) గానీ వాయిస్‌ఓవర్ (ఐఫోన్) గానీ ఆన్ చేసి, స్క్రీన్ ఆపేసి ఒకసారి వినండి. తెలుగు పేజీకి లాంగ్వేజ్ కోడ్ ఇంగ్లిష్‌ది పెట్టి ఉంటే తెలుగుని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి ఖూనీ చేస్తుంది, ఒక్కోసారి ఆ ముక్కే వదిలేస్తుంది, అది రెండక్షరాల మార్పు. జూమ్ 400 శాతం పెట్టి చూడండి, లైను చదవడానికి పక్కకి స్క్రోల్ చెయ్యాల్సి వస్తుంటే అదీ బాగుచెయ్యాలి. ఫీల్డ్ లోపల లేతగా కనబడే ప్లేస్‌హోల్డర్‌నే లేబుల్‌గా వాడారేమో చూడండి, టైప్ చెయ్యగానే అది మాయమై ఆ ఫీల్డ్ దేనికో మర్చిపోతారు. రంగులకైతే మామూలు టెక్స్టుకి కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకీ వెనక రంగుకీ తేడా) 4.5:1, పెద్ద అక్షరాలకి 3:1, అది టూలే పట్టేస్తుంది, ఫొటో మీద రాసిన టెక్స్టు తప్ప. 2023 అక్టోబర్లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 వెర్షన్లో బటన్లకి కనీస సైజు 24 పిక్సెళ్లు అని కూడా ఉంది, కొన్ని మినహాయింపులతో. ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకండి, ముందు మెయిల్ పెట్టినాయన ఆగిపోయిన చోటు.

ఆయనకి జవాబిచ్చి, బాగుచేశాక మళ్లీ ఒకసారి చూసిపెట్టమని అడగండి, ఆయన టైముకి డబ్బులివ్వండి. మేం డివ్ తీసి బటన్ పెట్టి, హెడింగులు సరిచేసి గర్వంగా మెయిల్ కొట్టాం. గంటకి రిప్లై: బటన్ దొరికింది, నొక్కాను, ఆ తర్వాత ఏమీ వినబడలేదు, పోయిందా లేదా? మీ అప్లికేషన్ అందింది అని ఆకుపచ్చ బాక్స్ స్క్రీన్ పైభాగంలో చక్కగా వచ్చింది, కాకపోతే కళ్లకి మాత్రమే. దానికి రోల్ స్టేటస్ అని (మెసేజ్ రాగానే స్క్రీన్ రీడర్ చదివేలా) పెట్టి, మెసేజ్ అందులోకి వచ్చేలా మార్చాం. పాపం ఆయన అప్పటికే నాలుగు సార్లు నొక్కారు, లిస్టులో ఆయన పేరు నాలుగు సార్లు ఉంది.