బండి సందేహాలు: అంబాసిడర్ వెనక యాక్సిల్ ఎంత తట్టుకుంటుంది?

ప్రశ్న: నా దగ్గర 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 ఉంది. ఇంజిన్ బోరు అరిగిపోయింది. దాని బదులు ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజిన్, 5 గేర్ల బాక్సుతో సహా దొరుకుతోంది. వెనక యాక్సిల్ విరుగుతుందని ఒక మెకానిక్, ఏమీ కాదని ఇంకో మెకానిక్ అంటున్నారు. ఆ యాక్సిల్ ఎన్ని హార్స్‌పవర్ల దాకా ఆగుతుంది?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: హార్స్‌పవర్‌ను పక్కన పెట్టండి. యాక్సిల్‌ను విరిచేది టార్కు, అంటే మెలితిప్పే బలం. ఇసుజు 1.8 ఇచ్చేది దాదాపు 75 హార్స్‌పవర్, 130 న్యూటన్ మీటర్ల టార్కు. స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 డీజిల్ కూడా 75 హార్స్‌పవరే, కానీ టార్కు 190. మీ యాక్సిల్‌కు ఈ రెండూ ఒకటి కావు.

లెక్క చూద్దాం. మీ పాత 1.5 ఇంజిన్ టార్కు సుమారు 100. మొదటి గేరు 3.8, క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్‌లోని పళ్ల చక్రాల జంట) నిష్పత్తి 4.5 అనుకుంటే వాటితో గుణించాలి. దారిలో పోయే పదో వంతు తీసేస్తే యాక్సిల్‌కు చేరేది సుమారు 1540 న్యూటన్ మీటర్లు. ఇప్పుడు టైర్ల పట్టు. వెనక చక్రాల మీద 650 కిలోలు, చక్రం వ్యాసార్ధం 32 సెంటీమీటర్లు, పొడి తారు రోడ్డు అయితే 1630 దగ్గర టైర్లు జారిపోతాయి. 1.8తో మొదటి గేరులో 2000 వచ్చినా, 1630 దాటగానే చక్రం ఒట్టినే తిరుగుతుంది. అంటే ఒంటరిగా నడిపేటప్పుడు మొదటి గేరులో యాక్సిల్ మీద పెరిగే భారం వందకు ఆరే.

అసలు చిక్కు మనుషులతో వస్తుంది. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండితే వెనక బరువు 850 కిలోలకు చేరుతుంది, టైర్ల పట్టు 2100 దాటుతుంది. అప్పుడు ఇంజిన్ ఇచ్చే 2000 మొత్తాన్నీ హాఫ్ షాఫ్టులే (వెనక చక్రాలను తిప్పే యాక్సిల్ కడ్డీలు) మోయాలి. అలా నిండిన బండిని జూబ్లీహిల్స్ ఎత్తులో సిగ్నల్ దగ్గర ఆపి, ఇంజిన్ రెయిజ్ చేసి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) విసురు కూడా తోడవుతుంది. ఆ దెబ్బ పైన వేసిన లెక్కకు అందదు. వెడల్పు టైర్లూ ఇదే పని చేస్తాయి: జారి యాక్సిల్‌ను కాపాడాల్సిన చక్రం జారదు. డిఫరెన్షియల్‌ను (మలుపుల్లో రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లను) వెల్డింగ్ చేసి లాక్ చేయించుకునే సరదా ఉంటే మానుకోండి, ఒక్కోసారి బలమంతా ఒక్క షాఫ్టు మీదే పడుతుంది.

రెండో గేరు నుంచి టైరు జారదు కాబట్టి అక్కడ భారం నిజంగానే మూడో వంతు దాకా పెరుగుతుంది. షాఫ్టు టక్కున విరగదు గానీ, క్రౌన్ పళ్ల మీద గుంటలు పడడం త్వరగా మొదలవుతుంది.

హిందుస్థాన్ మోటార్స్ 1990ల్లో ఇదే 1.8ను కమాన్ పట్టీల వెనక యాక్సిల్‌తోనే అమ్మింది. కాబట్టి మా మాట: 1.8 పెట్టించండి, టర్బో డీజిల్ జోలికి పోకండి. ఇంజిన్ మార్పుకు ముందే ఆర్‌టీఓ అనుమతి తీసుకోండి, ఆర్‌సీలో ఎక్కించాలి.

ఇంజిన్ దించిన రోజునే యాక్సిల్ విప్పించండి. ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద పోసి చూడండి. బూడిద రంగు పొడి మామూలే, గోటికి తగిలే ముక్కలుంటే పళ్లు లేస్తున్నట్టు. హాఫ్ షాఫ్టు చివర స్ప్లైన్ గీతల (పొడవునా కోసిన గాడుల) పక్కన ఉక్కు స్కేలు ఆనించండి. గీతలు ఏ కొంచెం మెలి తిరిగినా ఆ షాఫ్టు తుక్కే. విరిగినదాన్ని వెల్డింగ్ చేయిస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ వేడికి గట్టిదనం పోతుంది. క్రౌన్, పినియన్ జంటగా అరగదీసినవి. ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపితే మోత తప్పదు. తుక్కులో కొనేటప్పుడు రెండింటి మీదా చెక్కిన జత నంబరు కలుస్తుందో లేదో చూడండి.

క్రౌన్ పినియన్ నిష్పత్తి కూడా మీరే తేల్చుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు తీసి ఒక వెనక చక్రాన్ని మాత్రం జాకీతో లేపండి. దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్టు (గేరు బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు వచ్చే కడ్డీ) ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన అంబాసిడర్ నిష్పత్తి మీదానితో ఒకటేనని అనుకోవద్దు.

ప్రశ్న: ప్రీమియర్ పద్మిని 60 దాటితే వెనక నుంచి ఊళ పెడుతోంది. యాక్సిలరేటర్ వదిలితే ఆగుతుంది. 140 నంబరు గేర్ ఆయిల్ పోస్తే పోతుందంటున్నారు.
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: చిక్కటి ఆయిల్ మోతను కప్పేస్తుంది, జబ్బును నయం చేయదు. టైరు మోత అయితే యాక్సిలరేటర్ వదిలినా ఆగదు. మీది ఆగుతోంది కాబట్టి పినియన్, క్రౌన్ ఒరిసే చోటే అనుమానించాలి. ముందు బండిని చదునైన చోట నిలిపి వెనక యాక్సిల్ లెవెల్ ప్లగ్ (ఆయిల్ మట్టం చూసే రంధ్రం మూత) విప్పించండి. ఆయిల్ రంధ్రం అంచుదాకా లేకపోతే ఇ.పి. 90 గేర్ ఆయిల్ పోయించి చూడండి. ఆయిల్ తగ్గిందంటే ఎటో కారుతోంది. యాక్సిల్ హౌసింగ్ మీది బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) బురదతో మూసుకుపోతే లోపలి ఒత్తిడి సీళ్లలోంచి ఆయిల్‌ను తోసేస్తుంది, అది బ్రేకు షూల మీదకీ చేరుతుంది. పినియన్ సీలు మార్చాల్సి వస్తే నట్టు విప్పకముందే నట్టుకూ షాఫ్టుకూ కలిపి గీత పెట్టమనండి. బిగించేటప్పుడు ఆ గీత దగ్గరే ఆపాలి. ఇంకా బిగిస్తే బేరింగులు వేడెక్కి కొద్ది రోజుల్లోనే పోతాయి.