అడవులు ఎక్కడో నరికితే మన వానలు తగ్గుతాయా?

"మనకు వాన బంగాళాఖాతం నుంచి వస్తుంది కదా, ఎక్కడో అడవులు నరికితే గుంటూరుకు, విజయవాడకు వచ్చే నష్టమేమిటి?" అని అడిగారు. నష్టం తప్పకుండా ఉంది. సముద్రం ఇచ్చేది మొదటి విడత తేమ మాత్రమే. దానిని తీరం దాటించేది గాలి; కురిసిన నీటిని మళ్లీ గాలిలోకి వదిలి, మరింత లోపల కూడా వాన పడేలా తోడ్పడేవి చెట్లు.

గుంటూరులో మా పెరటి వేపచెట్టు రెమ్మకు ఒక వేసవి ఉదయం మా అమ్మాయి చేత పల్చని ప్లాస్టిక్ సంచి తొడిగించి, మూతిని పురికొసతో బిగించి కట్టించాను. కాసేపటికే సంచి లోపలంతా ఆవిరి పట్టింది. మధ్యాహ్నానికి ఆ చెమ్మ చుక్కలుగా జారి అడుగు మూలన నిలిచింది. వంచితే చెంచా నిండింది. వాన జాడే లేని ఆ రోజుల్లో వేళ్లు నేల లోతుల నుంచి తోడి తెచ్చిన నీరది. అమెజాన్ అడవి రోజుకు దాదాపు 2,000 కోట్ల టన్నుల నీటిని ఇలాగే గాలిలోకి వదులుతుంది. అక్కడి వానలో సుమారు సగం అడవి తిరిగి పంపిన నీరేనని 1970లలోనే బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటి, వాననీటిలోని ఆక్సిజన్ ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాలను) పరిశీలించి చూపారు.

అడవిలో చిన్న ముక్క మాత్రమే నరికితే ఆ చుట్టుపక్కల వాన ఒక్కోసారి పెరగవచ్చు కూడా; దీనిని పట్టుకొని వాదించేవారు విస్తీర్ణాన్ని మరచిపోతారు. ఉపగ్రహ సమాచారంతో 2023లో వెలువడిన లీడ్స్ విశ్వవిద్యాలయ అధ్యయనం ప్రకారం, ఉష్ణమండలంలో 200 కిలోమీటర్ల మేర చూసినప్పుడు అడవి ఒక శాతం తగ్గితే వాన నెలకు పావు మిల్లీమీటరు తగ్గుతుంది. బ్రెజిల్‌లోని రొండోనియాలో అడవి కొట్టేసిన చోట్ల వానాకాలం ఆలస్యంగా మొదలవుతోంది. తొలకరికి పత్తి గింజ పెట్టి, రెండో వాన రాక మళ్లీ విత్తనాలు కొనుక్కున్న పల్నాడు రైతుకు ఆలస్యమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన సంగతి. పశ్చిమ కనుమల అడవులు వదిలే తేమ తమిళనాడు నైరుతి వానలకు గణనీయంగా తోడ్పడుతుందని ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2018లో చూపారు. మన వానకూ ఆ తోడ్పాటు ఉందనే నా గట్టి నమ్మకం. పైగా ప్రకాశం బ్యారేజీకి చేరే కృష్ణ నీటిలో అత్యధిక భాగం ఎగువన కురిసిన వానే. అయినా మనం రోడ్డు డివైడర్లలో కోనోకార్పస్ మొక్కలు నాటి, ఫోటో దిగి, పోయిన అడవికి అదే బదులని చెప్పుకుంటున్నాం. ఆ డబ్బుతో ముందు నల్లమలలో, కొండపల్లిలో మిగిలిన అడవిని నరకకుండా, తగలబడకుండా కాపాడాలి.