సెల్ఫ్ కొట్టకముందు ఒకసారి చేత్తో తిప్పండి

ప్రశ్న: అన్నా, మా చిన్నాయన పాత మటడోర్ డీజిల్ వ్యాన్‌ను ఇల్లులా మార్పించి, వెనక రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించి అహోబిలం, శ్రీశైలం అంటూ ఇంటిల్లిపాదినీ తిప్పేవాడు. ఆయన పోయాక పదకొండేళ్లుగా అది మా ఇంటి వెనక వేపచెట్టు కిందే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఉంది. కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొడదామంటే మెకానిక్ వద్దన్నాడు, ముందు ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడాలంటాడు. మా బామ్మర్దేమో అదంతా టైం వేస్టు, ట్రాక్టర్‌కు తాడు కట్టి సెకండ్ గేర్లో లాగితే అదే లేస్తుంది, మన ఎండలకు తుప్పెక్కడ పడుతుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మెకానిక్ మాటే వినండి. బామ్మర్ది తాడు కూడా పనికొస్తుంది లెండి, బండిని షెడ్డు దాకా లాక్కెళ్లడానికి, అదీ న్యూట్రల్లో.

అనంతపురంలో వాన తక్కువన్నది నిజమే, కానీ ఇంజన్ లోపల తుప్పుకు వానే పడాల్సిన పని లేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్ వాల్వు తెరుచుకునే ఉంటుంది, సైలెన్సర్ గుండా బయటి గాలి నేరుగా అక్కడికి పోతుంది. పగలు కాలి, రాత్రి చల్లబడి, చలికాలం మంచుకు లోపల చెమ్మ పడుతుంది. సిలిండర్ గోడల మీది నూనె ఎప్పుడో కిందికి జారిపోయి ఉంటుంది కాబట్టి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అక్కడికక్కడే పట్టేస్తాయి. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే ఏమవుతుందంటే, సెల్ఫ్ మోటారు చిన్న పళ్లచక్రానికి (పినియన్) పది పళ్లుంటే, అది తిప్పే ఇంజన్ పెద్ద చక్రం (ఫ్లైవీల్) అంచుకు నూరుకు పైన ఉంటాయి, అంటే ఆ చిన్న మోటారు బలం పది రెట్లకు మించి ఇంజన్ మీద పడుతుంది. దానికి కళ్లూ లేవు, చెయ్యీ లేదు, అడ్డం ఏముందో దానికి తెలియదు. పిస్టన్ రింగే విరుగుతుందో, బిగుసుకున్న వాల్వు వంగుతుందో మనం విప్పి చూస్తే గానీ తెలియదు. ట్రాక్టర్‌తో లాగడమంటే ఇంకా మొరటు సెల్ఫ్ అన్నమాట.

నాకు ఇది ఎలా తెలుసంటే, నేనే ఒక ఇంజన్ పాడుచేశాను కాబట్టి. మా ఊళ్లో ట్రాక్టర్ పొగగొట్టం మీద డబ్బా బోర్లించడం మామూలే కదా, ఒక వానాకాలం నేను అది మరిచిపోయాను. నెల తర్వాత వెళ్లి సెల్ఫ్ కొడితే 'టక్' అని ఆగింది. బ్యాటరీ వీక్ అనుకుని ఇంకో బ్యాటరీ జోడించి మళ్లీ కొట్టాను. రెండో 'టక్'కు పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగింది. లోపలున్నది నీళ్లు. నీళ్లు గాలిలా నలగవు. లెక్క వేసి చూడండి: 600 సీసీ సిలిండర్, 21:1 కంప్రెషన్ (అంటే లోపలి గాలిని ఇరవై ఒకటో వంతుకు నొక్కేది) ఉన్న డీజిల్ ఇంజన్లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 30 మిల్లీలీటర్లు. దగ్గు మందు మూతతో మూడు మూతలు, అంతే! దానికి మించి నీళ్లుంటే ఏదో ఒకటి వంగాల్సిందే.

పని మొదలుపెట్టే ముందు వ్యాన్‌లోని గ్యాస్ సిలిండర్ దించేయండి, బ్యాటరీ ఉంటే వైరు తీసేయండి, గేరు న్యూట్రల్లో పెట్టి చక్రాలకు రాళ్లు వేయండి. తర్వాత ఆయిల్ కొలపుల్ల తీసి చూడండి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టు, లెవెల్ గీత దాటి పైకి ఉంటే నీళ్లో డీజిలో దిగినట్టు. అలా ఉంటే ముందు దాన్ని దింపి కారణం వెతకాలి, తిప్పడం తర్వాత సంగతి. సైలెన్సర్ మూతి, ఎయిర్ ఫిల్టర్ కూడా చూడండి. వేపచెట్టు కింద పదకొండేళ్లంటే ఎలుక సంసారమో, కందిరీగ మట్టిగూడో లేకపోతేనే ఆశ్చర్యం.

బావి దగ్గర ఆయిల్ ఇంజన్ తిప్పినవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే ఇక్కడి నుంచి వాళ్లను పిలవండి, వాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. తల మీది చిన్న లీవర్ ఎత్తిపెట్టి, హ్యాండిల్ పట్టుకుని గిరగిరా తిప్పి, ఊపందుకున్నాక లీవర్ వదిలితే డుబ్ డుబ్‌మని లేచేది గుర్తుందా? ఆ లీవర్ వాల్వును తెరిచి పెట్టి కంప్రెషన్ పోగొడుతుంది. మీ వ్యాన్‌లో ఆ సౌకర్యం లేదు కాబట్టి స్టార్ట్ చేసేటప్పుడు సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గులు నాలుగూ విప్పాలి. ఆ రంధ్రాల్లో ఇంజన్ ఆయిల్, డీజిల్ సగం సగం కలిపి ఒక్కోదానికి పైన చెప్పిన మూతతో ఒకటి, ఒకటిన్నర పోసి రెండు రాత్రులు వదిలేయండి. ఎక్కువ పోస్తే మేలని బాటిల్ వంచకండి.

మూడో రోజు ఇంజన్ ముందు వైపు బెల్టు తిరిగే క్రాంక్ షాఫ్ట్ పుల్లీ మధ్య నట్టుకు సాకెట్ వేసి, పొడుగు హ్యాండిల్‌తో, ఇంజన్ మామూలుగా తిరిగే వైపే మెల్లగా తిప్పండి. చాలా ఇంజన్లు ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. రంధ్రాల మీద గుడ్డ కప్పండి, లోపలి నూనె ఎగజిమ్ముతుంది, మొహం అక్కడ పెట్టకండి. రెండు పూర్తి చుట్లు తిరిగితేనే అన్ని సిలిండర్లూ తమ నాలుగు స్ట్రోకులూ పూర్తి చేసినట్టు, ఒక చుట్టుతో మురిసిపోవద్దు.

అసలు సంగతంతా చేతిలో ఉంది. జిగురుగా, బరువుగా, కానీ ఆగకుండా కదులుతుంటే మంచిదే, ఎండిపోయిన ఆయిల్ అది. వాల్వు స్ప్రింగుల దగ్గర కొంచెం బిగిసి, దాటాక తేలిగ్గా జారడం కూడా మామూలే. అలా కాకుండా తిరుగుతూ తిరుగుతూ గోడకు తగిలినట్టు ఠక్కున ఆగిందా, అక్కడితో ఆపేయండి, పైపు తొడిగి బలం చూపించకండి. వాల్వు పట్టేసి ఉండొచ్చు, డీజిల్ పంపు జిగురు పట్టి ఉండొచ్చు, అది కూడా ఇంజన్‌తో పాటే తిరగాలి కదా. అసలు మొదటికే కదలకపోతే మాత్రం ఇంకాస్త నూనె, ఇంకో వారం ఓపిక. రోజూ ఒకసారి ముందుకు ఇంత వెనక్కి ఇంత ఊపి చూడండి, వెనక్కి ఊపేటప్పుడు నట్టు వదులవుతోందేమో గమనించండి. పదకొండేళ్లు ఆగిన బండి పది రోజులు ఆగలేదా?

తేలిగ్గా తిరిగాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత డీజిల్ అంతా దింపేయండి. అప్పుడు బ్యాటరీ పెట్టి, ప్లగ్గులు విప్పే ఉంచి, డీజిల్ రాకుండా ఆపే స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. లోపల మిగిలిన నూనె బయటికి పోవాలి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరాలి. ఆ తర్వాతే ప్లగ్గులు బిగించడం, డీజిల్ పైపుల్లో చేరిన గాలి (ఎయిర్ లాక్) తీయడం, స్టార్ట్ చేయడం. నూనె లోపలే ఉండగా స్టార్ట్ చేస్తే డీజిల్ ఇంజన్ దాన్నే తాగి ఆపినా ఆగకుండా పరుగెత్తగలదు, అది చూస్తే మీ బామ్మర్ది కూడా ట్రాక్టర్ ఎక్కి పారిపోతాడు.

ప్రశ్న: నా దగ్గర పాత పెట్రోల్ జీపు ఉంది, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పే రకం. చెయ్యి విరుగుతుందని మా నాన్న ముట్టుకోనివ్వడం లేదు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: నిజమే. స్పార్క్ తొందరగా పడితే ఇంజన్ ఎదురు తన్నుతుంది, మణికట్టు విరిగినవాళ్లు ఒకప్పుడు కొల్లలు. 1912 క్యాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ చేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చినప్పుడు జనం అంత సంతోషించింది అందుకే. ఊరికే తిప్పి చూడాలంటే కీ ఆఫ్ చేసి, స్పార్క్‌కు కరెంటిచ్చే కాయిల్ వైరు లాగేసి, స్పార్క్ ప్లగ్గులు విప్పి తిప్పండి, అప్పుడు తన్నడానికి ఏమీ ఉండదు. స్టార్ట్ చేయడానికే అయితే బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకుండా మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచి, కింది నుంచి పైకి లాగండి, పైనుంచి కిందికి ఎప్పుడూ తొక్కవద్దు. నూనె కారిన నేల మీద హవాయి చెప్పులతో నిలబడి మాత్రం ఈ పని పెట్టుకోకండి.