మెయిల్స్ పంపడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: కంప్యూటర్స్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. సేల్స్‌ఫోర్స్ (కంపెనీలు తమ కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్) మీద పనిచేసే కంపెనీలో ట్రైనీగా ఆఫర్ వచ్చింది. కస్టమర్లకు టెంప్లేట్ మెయిల్స్‌ను కోడ్‌తో పంపే టీమ్ అట. "మెయిల్స్ పంపడానికి డిగ్రీ ఎందుకు?" అని ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. చేరమంటారా సార్?

జవాబు: చేరండి. ఒక్క మెయిల్ వరకైతే మీ ఫ్రెండ్స్ మాట నిజమే. ఏ టెంప్లేటు, ఏ కాంటాక్టుకు, ఏ కేసు (కస్టమర్ ఇచ్చిన ఫిర్యాదు) గురించి అని మూడు ఐడీలు ఇస్తే చాలు, పేరు, కేసు నంబరు మెర్జ్ ఫీల్డ్స్‌లో (టెంప్లేట్‌లో వివరాల కోసం వదిలిన ఖాళీల్లో) వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. అరపూట పని.

అసలు పని 200 రికార్డులు ఒకేసారి వచ్చిపడ్డప్పుడు మొదలవుతుంది. కొత్తవాళ్లు లూప్ రాసి, అందులో ఒక్కో మెయిల్ పంపుతారు. సేల్స్‌ఫోర్స్ ప్రోగ్రామింగ్ భాష ఎపెక్స్‌లో ఒక ట్రాన్సాక్షన్‌కు (ఒక విడతలో నడిచే మొత్తం పనికి) మెయిల్ పంపే సెండ్‌ఈమెయిల్ ఆదేశాన్ని 10 సార్లే పిలవనిస్తారు. పదకొండోసారి ఎర్రర్ వస్తుంది. ట్రాన్సాక్షన్ పూర్తయితేనే మెయిల్స్ బయల్దేరతాయి కాబట్టి ముందు పదీ కూడా వెళ్లవు! అందుకే అన్నీ ఒక లిస్టులో పోగేసి ఒక్కసారే అప్పగించాలి. బయటి అడ్రసులకు రోజుకు 5,000 అనే హద్దు ఇంకొకటి. ఇవన్నీ లెక్కేసుకుని కోడ్ రాసేవాడిని మెయిల్స్ పంపేవాడు అనరు, డెవలపర్ అంటారు.

పంపినది ఇన్‌బాక్స్‌కు చేరాలి కదా. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ వాళ్లే పంపారని రుజువు చేసే సెట్టింగులు) తప్పనిసరి. ఇది నేర్చుకుంటే రేపు వేరే ప్లాట్‌ఫామ్‌కు మారినా పనికొస్తుంది.

నా అనుమానం ఒక్కటే. కొన్ని టీముల్లో ట్రైనీకి టెంప్లేట్‌లో ఫాంటు, లోగో మార్చే పని తప్ప ఇంకేం ఇవ్వరు. ఎపెక్స్ ఎన్నో నెల నుంచి రాయనిస్తారో చేరకముందే అడగండి. మొహమాటపడొద్దు.

ఈలోగా సేల్స్‌ఫోర్స్ ఉచిత డెవలపర్ ఎడిషన్ (ప్రాక్టీసు ఖాతా) తెరిచి, కేసు క్లోజ్ అవగానే కాంటాక్టుకు మెయిల్ వెళ్లేలా రాయండి. సేల్స్‌ఫోర్స్ నేర్పే సైట్ ట్రెయిల్‌హెడ్‌లోని పాఠాలూ ఉచితమే. తర్వాత టెస్ట్ క్లాసులో (మీ కోడ్‌ను పరీక్షించే కోడ్‌లో) 200 కేసులు ఒకేసారి క్లోజ్ చేసి చూడండి. టెస్టులో మెయిల్స్ నిజంగా బయటికి వెళ్లవు, టెన్షన్ అక్కర్లేదు. వాటిలో ఒక కాంటాక్టుకు మెయిల్ అడ్రస్ ఖాళీగా వదిలేయండి. ఆ ఒక్కరి వల్ల మిగతా 199 మంది ఆగిపోకుండా ఏం చేశారో నాకు రాయండి.