లోపమా, దోషమా?

సందేహం: ఒక సైన్సు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ఆక్సైడ్ పింగాణీలలో దోషాలను ఇంజినీరింగ్ చేసి అయస్కాంత, విద్యుత్ గుణాలు తెప్పిస్తారు’ అని రాస్తే ఇంట్లో నవ్వారు, దోషాన్ని ఎవరైనా కోరి తెచ్చుకుంటారా అని. ‘లోపం’ అనవచ్చా?

సమాధానం: అనండి. దోషం నింద అంటుకున్న మాట. జాతకదోషం, దిష్టిదోషం అని విని విని, ఆ మాట చెవిన పడితే శాంతి చేయించాలనిపిస్తుంది. లోపం అలా కాదు. ‘అదర్శనం లోపః’ అన్నాడు పాణిని: ఉండవలసింది కనబడకపోవడం. రాముడు + అతడు ‘రాముడతడు’ అయినప్పుడు ఉకారం లోపించింది, అది తప్పు కాదు కదా!

స్ట్రాన్షియం టైటనేట్ అనే ఆక్సైడ్‌లో జరిగేదీ ఇదే. మామూలుగా అది కరెంటును పోనివ్వదు. ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్నచోట వేడి చేస్తే కొన్ని ఆక్సిజన్ పరమాణువులు స్ఫటికాన్ని విడిచిపోతూ ఎలక్ట్రాన్లను వదిలేస్తాయి. దాంతో కరెంటు పారుతుంది. 1964లో అలాంటి స్ఫటికాలే అతిశీతల స్థితిలో అతివాహకాలయ్యాయి, అంటే కరెంటుకు అడ్డన్నదే లేకుండా పోయింది.

వ్యాకరణం ఇక్కడ ఇంకా పనికొస్తుంది. జిర్కోనియాలో (జిర్కోనియం ఆక్సైడ్‌లో) యిట్రియం కలిపితే అది జిర్కోనియం చోటులో కూర్చుంటుంది. ఒక అక్షరం చోటులో మరొకటి రావడాన్ని వ్యాకరణంలో ఆదేశం అంటారు, ఇదీ అంతే. జిర్కోనియం విద్యుదావేశం 4, యిట్రియానిది 3. లెక్క కుదరడానికి రెండు యిట్రియం పరమాణువులకు ఒక ఆక్సిజన్ చోటు ఖాళీ అవుతుంది, అది లోపం. ఆ ఖాళీల మీదుగా ఆక్సిజన్ అయాన్లు గెంతుకుంటూ పోతాయి. కారు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ పనిచేసేది అందుకే. సందులో కొత్త పరమాణువు దూరితే ఆగమం, ‘మాయమ్మ’లో యకారంలా. సైన్సువాళ్లు మూడింటినీ ‘డిఫెక్ట్స్’ అని ఒకే గాట కడతారు కాబట్టి మనమూ ‘లోపాలు’ అని సరిపెట్టుకోవాలి. విడిగా చెప్పేటప్పుడు మాత్రం ఆక్సిజన్ పోయిన చోటును ‘ఖాళీ’ అనండి.

‘ఇంజినీరింగ్ చేసి’ వద్దు. ‘లోపాలు కల్పించి’ అంటే కొత్త కోడలికి వంకలు పెట్టినట్టుంటుంది. ‘కావాలనే లోపాలు ఏర్పరచి’ అంటే చాలు. పింగాణీ అనగానే టీ కప్పులు గుర్తొస్తాయి, సిరామిక్ అనే ఉంచండి.

‘అయస్కాంత గుణం తెప్పిస్తారు’ అని అంత గట్టిగానూ అనకండి. 2004లో హాఫ్నియం ఆక్సైడ్ పొరల్లో ఆ గుణం కనబడిందన్నారు. మరుసటి ఏడాది వేరేవాళ్లు, ఆ పొరలను స్టీలు పట్టకారుతో పట్టుకున్నా అలాంటి సంకేతమే వస్తుందని చూపించారు. ఇలాంటి చోట్ల ‘కనబడిందంటున్నారు’ అని రాయండి.